బెజవాడ నుంచి వచ్చి హన్మకొండ బావిలో ఈత నేర్చుకున్నా

ట్రాన్స్‌ఫర్ మీద బెజవాడ నుంచి హన్మకొండ వచ్చేటప్పుడు ఏవేవో ఊహించుకుని టెన్షన్ పడ్డాను గానీ, అవన్నీ తేలిగ్గానే అయిపోయాయి. నయీంనగర్‌లో ఇల్లు దొరికింది, పాపకి స్కూల్లో సీటొచ్చింది, గ్యాస్ బండ కూడా వచ్చేసింది. స్నేహితులు దొరకడం అంతకంటే తేలిక. పొద్దున్నే భద్రకాళి బండ్ మీద నడుస్తుంటే ఒకాయన పక్కకొచ్చి "అన్నా, కొత్తగ వచ్చిన్రా?" అన్నాడు. చాయ్ తాగేలోపు నా ఊరు, ఉద్యోగం, బీపీ అన్నీ కనుక్కున్నాడు. ఆ ఆదివారమే వాళ్ల సైకిల్ జట్టులో కలిపేసుకున్నారు. బెజవాడలో మా ఎదుటి ఫ్లాటాయన పేరు నాకు ఇప్పటికీ తెలియదు. ఈ ముక్క మా వాళ్లు చదివి కాస్త సిగ్గుపడాలనే రాస్తున్నా.

చిక్కంతా ఈతతో వచ్చింది.

వీళ్ల ఆదివారం ఎలా ఉంటుందంటే, తెల్లారకముందే సైకిళ్లెక్కి హసన్‌పర్తి వైపు పోవడం, ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువ వెంట కొంత దూరం తొక్కడం, చివరికి జట్టులో ఒకతని మేనమామ పొలంలో బావి దగ్గర ఆగడం. బావి అంటే మా ఇళ్లలో చేదతో తోడుకునే నుయ్యి కాదు. ఒకప్పుడు మోట కొట్టిన వ్యవసాయ బావి. చుట్టూ రాతి కట్టడం, గోడలోంచి పొడుచుకొచ్చిన రాతి మెట్లు, కిందికి చూస్తే కళ్లు తిరిగేంత లోతు. కాలువకు నీళ్లు వదిలిన రోజుల్లో ఆ చుట్టుపక్కల బావులన్నీ ఊట పెరిగి నిండుతాయి. అందరూ పై నుంచి దభీమని దూకేవాళ్లు. నేను ఒడ్డున కూర్చుని ఫోన్లకీ బట్టలకీ కాపలా.

"కృష్ణ ఒడ్డున పుట్టి ఈత రాదా సారూ?" అని మొదలుపెట్టారు. కృష్ణ ఒడ్డున పుట్టినవాళ్లంతా కృష్ణలోనే పెరుగుతారనుకుంటారేమో! ఒకడైతే "రామప్ప గుడి ఇటుకలే తేల్తయ్, మీరు తేలరా?" అన్నాడు. పాలంపేటలో ఉన్న ఆ గుడి గోపురానికి వాడిన ఇటుకలు నిజంగానే నీళ్లలో తేలతాయి. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. అంత గొప్ప కట్టడం చివరికి నన్ను ఏడిపించడానికి పనికొచ్చింది.

రోషం వచ్చి ఊళ్లో ఒక స్విమ్మింగ్ పూల్‌లో చేరాను. పేరు రాయను. ఫొటోలు, ఆధార్, డాక్టర్ సర్టిఫికెట్, పైగా డిపాజిట్. అన్నీ కట్టించుకున్నాక పెద్దవాళ్లకి వేరే బ్యాచ్ లేదని, పిల్లల్లో నిలబడమని అన్నారు. కోచ్ గట్టు మీద కుర్చీ వేసుకుని ఫోన్ చూసుకుంటూ మధ్యమధ్యలో "కాళ్లు ఆడించు" అని అరిచేవాడు. రాడ్ పట్టుకుని కాళ్లు ఆడించడం తప్ప అక్కడ నాకేమీ రాలేదు. మానేసి డిపాజిట్ అడిగితే "సార్ లేరు" అన్నారు. ఆ సార్ ఎప్పుడూ ఉండడు. అందుకే చెప్తున్నా, డిపాజిట్ అడిగే చోట ఈత నేర్చుకోకండి. ఈ సలహా అందరికీ వర్తిస్తుందా అని నన్ను అడగొద్దు.

చివరికి బావే దిక్కయింది. నేర్పింది ఆ మేనమామ వాళ్ల నాన్న, డెబ్బై దాటిన తాత. ముందు వెళ్లి మోటారు స్టార్టర్ బంద్ చేసి, ఫీజులు పీకి జేబులో వేసుకున్నాడు. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. బావిలో మోటారు ఉంటే కరెంటు తీసెయ్యకుండా నీళ్లలో కాలు పెట్టకూడదు. తర్వాత నా నడుముకి తాడు కట్టి, వీపు మీద మూత బిగించిన ఐదు లీటర్ల ఖాళీ నూనె క్యాన్ కట్టాడు. "మా కాలంల ఆనిగెపుకాయ బుర్ర కట్టుకునేది" అన్నాడు. తాడు కొస ఆయన చేతిలో.

నేను చివరి మెట్టు మీద కూర్చుని నీళ్లను చూస్తున్నా. పైన ఊరి పోరగాళ్లంతా వరుసగా నిలబడ్డారు. మూడో తరగతి చదివే పిల్లాడు "సారూ, జరుగు" అని నా తల మీంచే దూకాడు. ఆ నీళ్లు నా ముక్కులోకి పోయి దగ్గుతుంటే "సారు దిగకముందే మునిగిండు!" అని ఒకటే నవ్వు. తాత నవ్వలేదు. "ఎంతసేపు కూసుంటవ్ బిడ్డా, మాకు నాట్లున్నయ్" అని వీపు మీద చెయ్యేసి తోసేశాడు.

నిజం చెప్తున్నా, అప్పుడు నేను పెట్టిన కేక కాలువ అవతలికి వినపడి ఉంటుంది. చేతులతో నీళ్లను టపటపా కొట్టేస్తున్నా. తాత పై నుంచి ఒకటే మాట: "తలకాయ లేపకు! తలకాయ లేపితె కాళ్లు మునుగుతయ్." అది అర్థమవడానికి నాకు చాలా ఆదివారాలు పట్టింది. మన ఒంటికీ నీళ్లకీ బరువులో పెద్ద తేడా లేదు, ఊపిరి నిండా పీల్చుకుంటే చాలామంది తేలతారు. కానీ భయపడి తల పైకెత్తామా, ఆ నాలుగైదు కిలోల బరువుకి నడుమూ కాళ్లూ కిందికి లాక్కుపోతాయి. ఐదు లీటర్ల క్యాన్ మోసేది కూడా దాదాపు ఆ ఐదు కిలోలే. మొహం నీళ్లలో పెట్టి, ఊపిరి నీళ్లలోనే వదిలి, పక్కకి తిరిగి పీల్చుకోవాలి. పూల్‌లో కోచ్ చెప్పని ముక్క ఇదే.

ఒకరోజు కొంచెం కుదురుకుంటున్నాననగా మెట్టు పక్క నుంచి పాము. "నీరుకట్టె సారూ, ఏం గాదు, ఇసం ఉండది" అని వాళ్లు అంటూనే ఉన్నారు, నేను క్యాన్‌తో సహా మెట్లన్నీ ఎక్కేసి పొలం గట్టు మీద ఉన్నా. దాన్ని ఎవడో వీడియో తీశాడు. సోమవారానికి అది మా ఆఫీసు గ్రూపులో ఉంది. మీటింగ్‌లో మేనేజర్ గారు టార్గెట్ల గురించి మాట్లాడుతూ మధ్యలో ఆగి, "ఈత ఎక్కడిదాకా వచ్చిందండీ?" అన్నారు. ఇరవై మంది ముందు. మా ఆవిడ ఆ వీడియో బెజవాడ పంపింది.

తర్వాత తాత క్యాన్‌లో కొంచెం కొంచెంగా నీళ్లు పోయించడం మొదలుపెట్టాడు, నిండేకొద్దీ అది నన్ను మోయదు కాబట్టి. దాని మీద మా ఇద్దరికీ కూరగాయల బేరం లాగా నడిచేది. ఆయన సగం అంటాడు, నేను పావు అంటాను. నిండా పోసిన రోజు ఈ గోడ నుంచి ఆ గోడకి వెళ్లి రాయి పట్టుకున్నా. పైనున్న పోరగాళ్లు ఈలలు వేశారు. మూడో తరగతి వాడు "ఇంగ దుంకుడు నేర్సుకో" అన్నాడు. వాడంటే నాకు ఇప్పటికీ పడదు. ఆ రోజు తాత వాళ్లింట్లో తిన్న సర్వప్ప, అదే బియ్యప్పిండితో చేసే కారం రొట్టె, మాత్రం, అతిశయం కాదు, మా జిల్లాలో ఏ హోటల్లోనూ అంత రుచైనది తినలేదు.

ఇప్పుడు జట్టుతో లక్నవరం వెళ్లొచ్చాం. వేలాడే వంతెన మీద ఫొటోలు దిగాం, పడవ ఎక్కినా చెక్క పట్టుకుని బిగుసుకుపోలేదు. లైఫ్ జాకెట్ మాత్రం విప్పలేదు, బావిలో ఈత వచ్చినంత మాత్రాన చెరువు మన మాట వినదు. బొగత జలపాతం దగ్గర వరద రోజుల్లో నీళ్లలోకి దిగనివ్వకపోతే సిబ్బందితో గొడవ పడేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చలికాలంలో రేగొండ దగ్గర పాండవుల గుట్ట ఎక్కుదామంటున్నారు. ఆదిమానవులు రాతి మీద వేసిన బొమ్మలు చూడాలని నాకూ ఉంది, తాళ్లు పట్టుకుని బండ ఎక్కే సంగతి ఇంకా ఒప్పుకోలేదు.

మా ఆవిడ కూడా ఈత నేర్చుకుంటానంటోంది. తాత కోడలు మధ్యాహ్నం పూట ఆడవాళ్లకి నేర్పుతుందట, నా క్యాన్ ఇచ్చేశా. పూల్ వాళ్ల డిపాజిట్ ఇంకా రాలేదు. శనివారం మళ్లీ వెళ్తున్నా. ఈసారి జట్టు మొత్తం సైకిళ్ల మీద నాతో వస్తామన్నారు.