మా ఊరి గడియారం, వాళ్ల ఊరి సూర్యుడు

రాజమండ్రిలో వివేక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాక రెండో రాత్రి, ఎవరో మొహం మీద టార్చి వేసినట్టనిపించి లేచాను. టార్చి కాదు, ఎండ. కిటికీ బయట పొలాలు, వెదురు పొదలు, గొడుగు పట్టుకుని నడిచిపోతున్న మనిషి. నేను దిగాల్సిన మరియాని దాటిపోయిందేమోనని టెన్షన్ పడి, పైబెర్తు దిగి చెప్పులు వెతుక్కుంటుంటే కింది బెర్తు పెద్దాయన హిందీలో అడిగారు, "ఎందుకు బాబూ కంగారు?" అని. ఫోను చూసుకున్నాను. నాలుగూ నలభై. జూన్ నెల.

మా బ్యాంకు వాళ్లు నన్ను ఎనిమిది నెలల డిప్యుటేషన్ మీద అస్సాంలోని జోర్హాట్ పంపారు. వెళ్లేముందు అందరూ రెండే జాగ్రత్తలు చెప్పారు: దోమతెర, గొడుగు. సూర్యుడి గురించి ఒక్కరూ చెప్పలేదు.

మాది కాకినాడ. దేశం మొత్తానికి గడియారం పెట్టే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మా ఊరి పక్కనుంచే వెళ్తుంది. ఈ ముక్క చెప్పేటప్పుడు మా సోషల్ మాస్టారి ఛాతీ కొంచెం పొంగేది. "ఢిల్లీ వాడైనా బొంబాయి వాడైనా మన టైముకే లేవాలిరా" అనేవారు. జోర్హాట్ 94 డిగ్రీలు దాటి ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్క కడితే ముప్పావు గంట పైమాటే. అంటే మా ఊళ్లో పన్నెండింటికి నెత్తి మీదికొచ్చే సూర్యుడు అక్కడ పదకొండుంపావుకే వచ్చేస్తాడు. పైగా ఉత్తరాన ఉంది కాబట్టి వేసవిలో పగలు మనకన్నా పొడుగు. జూన్‌లో నాలుగున్నర కాకముందే పొద్దు పొడుస్తుంది. నేనేమో ఆరున్నరకి లేచి, ఏడున్నరకి పేపరు చదివి, పదింటికి బ్యాంకుకి వెళ్లేవాణ్ణి. మొదటివారమే మా ఇంటి ఓనరమ్మ అడిగేసింది, ఒంట్లో బాగాలేదా అని. ఆవిడ దృష్టిలో నేను మిట్టమధ్యాహ్నం దాకా పడుకునే మనిషిని.

ఆవిణ్ణి నేను బైదేవ్ అని పిలిచేవాణ్ణి, అంటే అక్కగారు. ఆవిడ నన్ను దాదా, అంటే అన్నగారు, అనేది, నాకన్నా పదేళ్లు పెద్దదైనా. ఒక ఆదివారం వంటింట్లోంచి కేకేసింది, "దాదా, ఖార్ తింటారా?" అని. అస్సామీ కూరల్లో మిరపకాయ నామమాత్రం. మూడు వారాలుగా నాలుక చచ్చిపోయి ఉన్న నాకు కారం అన్న మాట వినపడగానే ప్రాణం లేచొచ్చింది. చేయి కడుక్కుని కూచున్నాను. కంచంలో ఉడికించిన పచ్చి బొప్పాయి, మెత్తగా, గోధుమరంగుగా. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. కారం లేదు, పులుపు లేదు. సోడా ఉప్పు నాకినట్టు ఏదో జారుడు రుచి.

అది కారం కాదు, క్షారం. అరటికాయ తొక్కలు ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదలో నీళ్లు పోసి వడగడతారు. ఆ నీళ్లతో కూర వండుతారు. మనం పప్పూ నెయ్యితో భోజనం మొదలుపెట్టినట్టు వాళ్లు ఖార్‌తో మొదలుపెడతారు. నాకు మాత్రం మా అమ్మమ్మ చెప్పే చాకిరేవు చవుడు గుర్తొచ్చింది. బట్టలుతికే పదార్థం కడుపులోకి ఎలా పోతోందా అని మొహమాటంగా మింగాను. బైదేవ్ నా మొహం చూసి, ఇంకో గరిటె వేసింది. మూడో నెలకి ఆదివారం ఖార్ లేకపోతే నేనే అడుగుతున్నాను. ఎప్పుడు మారానో నాకే తెలీదు.

టెంగా మాత్రం మొదటిరోజే నచ్చింది. చేపల పులుసే, కానీ చింతపండు వెయ్యరు. టమాటాయో నిమ్మకాయో వేసి, నీళ్లనీళ్లగా కాస్తారు. చింతపండు లేని చేపల పులుసు బాగుందని ఫోన్లో చెబితే మా అమ్మ కాసేపు మాట్లాడలేదు.

ఇక సత్రం సంగతి. నవంబర్లో ఒక శనివారం మాజులీ చూడ్డానికి వెళ్లాను. బ్రహ్మపుత్ర మధ్యలో ఉన్న లంక అది, 2016లో జిల్లా కూడా అయింది. మన కోనసీమ లంకల్ని పది కలిపినా అంత ఉండదేమో అనుకుంటూ ఎక్కాను. ఒకప్పుడు వెయ్యి చదరపు కిలోమీటర్లు దాటి ఉండేదట. ఏటా కోత పడి ఇప్పుడు అందులో సగం కూడా మిగల్లేదు. నిమాటి ఘాట్‌లో ఫెర్రీ ఎక్కితే మనుషులు, మోటార్ సైకిళ్లు, రెండు కార్లు, మేకలు అన్నీ ఒకే పడవ మీద. అవతలి ఒడ్డు ఎక్కడుందో చాలాసేపటిదాకా కనపడలేదు. గోదావరి జిల్లావాణ్ణి కదా, ఏ నది చూసినా మనసులో పోల్చి, మనదే గొప్ప అనుకోవడం అలవాటు. ఆ రోజు నోరు మూసుకున్నాను.

అక్కడ మాస్కులు చేసే పల్లెకి వెళ్లి కూచుండిపోయాను. వెదురు బద్దలతో తల ఆకారం అల్లి, దాని మీద బంకమట్టిలో ముంచిన గుడ్డ చుట్టి, మట్టీ పేడా కలిపి పూసి, కనుబొమలూ ముక్కూ తీరుస్తారు. నేను చూస్తుండగా ఒక కుర్రాడు పూతనకి పళ్లు పెడుతున్నాడు, వెదురు పళ్లు. అది చూస్తూ టైము మర్చిపోయాను. టైము మర్చిపోలేదు నిజానికి, చూసుకుంటూనే ఉన్నాను. మూడున్నరే కదా, సాయంత్రం ఇంకా బోలెడుంది అనుకున్నాను. ఘాట్‌కి చేరేసరికి నాలుగూ పది. చివరి ఫెర్రీ వెళ్లిపోయింది, సూర్యుడు కూడా దాదాపు దాని వెంటే వెళ్తున్నాడు. నాలుగున్నరకి చీకటి పడే ఊళ్లో చివరి పడవ నాలుగింటికి వెళ్లక ఎప్పుడు వెళ్తుంది?

ఏం చెయ్యాలో తోచక వెనక్కి వస్తుంటే ఒక బోర్డు కనపడింది. పొద్దుట్నుంచీ చూస్తున్న మాటే, సత్ర. వాళ్లు 'స'ని 'ఖ'కీ 'హ'కీ మధ్య ఎక్కడో పలుకుతారు కాబట్టి చెవికి వేరే మాటలా వినపడేది. బోర్డు మీద రాసింది కూడబలుక్కుని చదివితే మన సత్రమే. అన్నవరం కొండమీద సత్రాల్లో పడుకున్న అనుభవంతో తిన్నగా లోపలికెళ్లి రాత్రికి గది కావాలన్నాను. తెల్లటి పంచె కట్టుకున్న కుర్ర సన్యాసి నవ్వాడు. అది వైష్ణవ మఠం. పదిహేను, పదహారు శతాబ్దాల్లో శంకరదేవుడు నడిపిన భక్తి ఉద్యమంలోంచి పుట్టిన వ్యవస్థ. కొన్నింట్లో బ్రహ్మచారులే ఉంటారు, చిన్నప్పుడే వచ్చి చేరతారు. ఇలా సత్రమంటే ఏమిటో వివరంగా చెప్పి, ఆ తర్వాత వెనక వరుసలో ఒక గది తాళం తీసిచ్చాడు. అతిథులకి గదులుంటాయట. అంటే సత్రం చివరికి సత్రమే.

రాత్రి ప్రార్థన మందిరంలో కుర్రాళ్లు డోలు లాంటి ఖోల్ వాయిస్తూ నాట్యం చేశారు. మగపిల్లలే ఆడవేషం కట్టి భాగవత కథలు ఆడే సంప్రదాయం. ఇదెక్కడో చూశానే అనుకున్నాను, కూచిపూడి భాగవతులు గుర్తొచ్చేదాకా. ఈ సత్రియ నాట్యానికి శాస్త్రీయ నృత్యంగా గుర్తింపు 2000లో మాత్రమే వచ్చింది. జోర్హాట్‌లో మా వీధి ప్రార్థన మందిరాన్ని నామ్‌ఘర్ అంటారు, అందులో దేవుడి పీఠం మీద విగ్రహం ఉండదు, భాగవతం ఉంటుంది. పుస్తకానికి హారతి పట్టడం దసరాకి తప్ప ఎరగని నాకు అది చూసినప్పుడల్లా ఒళ్లు కొంచెం జలదరించేది.

టీ తోటకి వెళ్లింది డిసెంబర్లో. బ్యాంకుకి వచ్చే ఒక గుమాస్తా, "రెండో శనివారం సెలవే కదా, ఎనిమిదింటికి రండి, తోట చూపిస్తాను" అన్నాడు. సరిగ్గా ఎనిమిదికి గేటు దగ్గరున్నాను. ఆయన అక్కడ లేడు. లోపల ఆఫీసుకి వెళితే గోడ గడియారం తొమ్మిది చూపిస్తోంది. "గంటసేపు చూసి, రారేమో అనుకున్నాను" అన్నాడు. నా ఫోను చూపించాను. ఆయన నాలుక కరుచుకుని, "మీది బ్యాంకు టైము కదా. ఇక్కడ బాగాన్ టైము" అన్నాడు.

బాగాన్ అంటే తోట. తెల్లదొరల కాలంలో, పగటి వెలుగు వృథా కాకుండా తోటల గడియారాలు గంట ముందుకి తిప్పారు. దొరలు పోయినా చాలా తోటల్లో ఆ గంట అలాగే ఉండిపోయింది. 1951 నాటి ప్లాంటేషన్ల చట్టం ప్రకారం అలా స్థానిక సమయం పెట్టుకునే వీలు కూడా ఉండేదట. రాష్ట్రమంతటికీ అదే టైము పెడదామని 2014లో అప్పటి ముఖ్యమంత్రి తరుణ్ గొగోయ్ అన్నారు గానీ అమలు కాలేదు. తోట గేటుకి ఇవతల ఎనిమిది, అవతల తొమ్మిది. అక్కడివాళ్లు పెళ్లి పిలుపుల్లో కూడా "మీ టైమా, మా టైమా" అని అడిగి తెలుసుకుంటారు. నాకిది వింతగా కాదు, న్యాయంగా తోచింది. ఆ ఊరి సూర్యుడికి దగ్గరగా ఉన్న గడియారం అదే. తప్పు టైము చూపిస్తున్నది నా ఫోను, అంటే మా కాకినాడ.

ఆకు కోసేవాళ్ల లైన్ల వైపు నడుస్తుంటే గుమాస్తా, "మీవాళ్లు కూడా ఉన్నారు" అన్నాడు. నేను ఏ ఇంజనీరో అనుకున్నాను. ఒక ముసలమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. తెలెంగాలంటారు వాళ్లని. పందొమ్మిదో శతాబ్దంలో గంజాం, విశాఖపట్నం వైపు నుంచి కూలీలుగా తోటల్లోకి తెచ్చినవాళ్ల సంతతి. ఎన్ని తరాలైందో ఆవిడకి తెలీదు. ఏ ఊరో తెలీదు. "మీది ఏ ఊరు అమ్మా?" అని తెలుగులో అడిగితే అమ్మా అన్న మాట పట్టుకుని నవ్వింది. మిగతాది అర్థం కాలేదు. వాళ్ల మాట ఇప్పుడు తోటల్లో మాట్లాడే సాద్రి అనే భాష. కానీ వాళ్ల నాయనమ్మ ఆకు బుట్టలు లెక్కపెట్టేదట, అది గుర్తుంది. వేళ్లు మడుస్తూ చెప్పింది: ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. అక్కడ ఆగి, సాత్, ఆఠ్ అంటూ పదిదాకా వెళ్లిపోయింది.

"ఏడు" అన్నాను.

"ఏడు" అంది. ఇంకోసారి అని, పక్కనున్న మనవరాలికి కూడా చెప్పింది. ఎనిమిది చెప్పబోతుంటే గంట మోగింది. తూకానికి వెళ్లాలి, లేచిపోయింది. నా ఫోన్లో అప్పుడు పదకొండు. వాళ్లకి పన్నెండు.

జనవరిలో, ఇంటికి దూరంగా సంక్రాంతి ఎలా గడుస్తుందా అని దిగులు పడ్డాను. భోగి నాటి రాత్రి కుర్రాళ్లంతా పొలంలో గడ్డితో పాక వేసి, అందులో వండుకుని తిని, రాత్రంతా కూచున్నారు. చలిమంటకి ఇరుగుపొరుగు వాళ్ల కంచెల్లోంచి వెదురుగడలు మాయం చేశారు. మా వీధిలో పాత తలుపులు, గేట్లు మాయమైనట్టే. మర్నాడు తెల్లవారుజామున స్నానాలు చేసి, మేజీ అనే పెద్ద మంట వెలిగించి, ఆ పాకని కూడా తగలబెట్టేశారు. మనం భోగి పొద్దున వేసే మంట వాళ్లు సంక్రాంతి పొద్దున వేస్తారు, అంతే. ఆ పండగ పేరు భోగాలీ బిహు. బైదేవ్ నువ్వుల పిఠా చేతిలో పెడితే, అరిసె లేదన్న లోటు సగం తీరింది. సగమే. అబద్ధమెందుకు.

జనవరి ఆఖర్న కాకినాడ వచ్చాను. మర్నాడు నాలుగున్నరకే మెలకువ వచ్చేసింది. టీ పెట్టుకుని వరండాలో కూచున్నాను. ఐదైంది, చీకటి. ఐదున్నరైంది, చీకటే. పాలవాడు కూడా రాలేదు. మా ఆవిడ లేచొచ్చి లైటు వేసి, "ఎవరి కోసం చూస్తున్నారు?" అంది.