గిరాకీ తగ్గినా నడిచే కోడ్ కోసం: మేం గో ప్రోగ్రామింగ్ భాషను ఎంచుకున్న తీరు

గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి కొత్త సాఫ్ట్‌వేర్ రాసే పని మా చిన్న టీమ్‌కి వచ్చింది. ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఏ ఛాంబర్‌లో ఉన్నాయి, అద్దె ఎంతైంది, సరుకు మీద బ్యాంకు లోను ఉందా. లెక్క పెద్ద కష్టం కాదు. అయితే కనీసం పదేళ్లు నడవాలన్నారు. దాంతో ఏ భాషలో రాయాలన్నదే అసలు టెన్షన్ అయింది.

ముందు పాపులారిటీ ర్యాంకింగులు చూశాం. వాటితో తేలేది కాదని త్వరగానే అర్థమైంది. డార్ట్ అనే భాష 2011లో వచ్చింది, చాలా ఏళ్లు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మొబైల్ యాప్‌లు కట్టే ఫ్లట్టర్ పుణ్యమా అని లేచి నిలబడింది. ఒకప్పుడు వెబ్‌సైటు అంటే పెర్ల్ భాషే. ఇప్పుడు దాంట్లో కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టేవాళ్లు అరుదు. ఇలాంటివి ముందుగా ఎవరు చెప్పగలరు? అందుకే ప్రశ్నే మార్చుకున్నాం: రేపు ఈ భాషకు గిరాకీ తగ్గినా మా కోడ్ నడుస్తుందా? మా తర్వాత వచ్చేవాళ్లు చదవగలరా?

చివరికి పైథాన్, ఎలిక్సిర్, గో అనే మూడు భాషలు మిగిలాయి.

పైథాన్ అంటే నాకు చాలా ఇష్టం. కాలేజీ నుంచి వచ్చే పిల్లలకు కొంతైనా తెలిసే ఉంటుంది. కానీ గతంలో ఒక పైథాన్ 2 ప్రాజెక్టును 3లోకి మార్చే పని చేశాను. ప్రింట్ కమాండ్‌కి బ్రాకెట్లు పెట్టడం ఎంతసేపు! అసలు చిక్కు భాగహారంతో. 5ని 2తో భాగిస్తే పాతదాంట్లో 2 వచ్చేది, కొత్తదాంట్లో 2.5 వస్తుంది. ఎర్రరేమీ రాదు, బిల్లు మాత్రం మారిపోతుంది. గో వాళ్లు 2012లో 1.0 విడుదల చేసినప్పుడే, దానికి రాసిన ప్రోగ్రాములు తర్వాతి గో 1 వెర్షన్లలోనూ నడుస్తాయని మాటిచ్చారు. భాషతో పాటే వచ్చే స్టాండర్డ్ లైబ్రరీ మాత్రమే వాడిన పాత గో కోడ్ ఒకటి తీసి, ప్రాజెక్టు వివరాలుండే గో.మాడ్ ఫైలు చేర్చి, కోడ్‌ను నడిచే ప్రోగ్రాముగా మార్చే కొత్త కంపైలర్‌కిచ్చాను. నడిచింది.

ఎలిక్సిర్‌ని వదులుకోవడానికి మాత్రం మనసొప్పలేదు. దాని కింద ఉన్న ఎర్లాంగ్ అనే భాష 1980ల్లో ఎరిక్సన్‌లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం పుట్టింది, గట్టిది. అద్దె లెక్కను ఎలిక్సిర్, గో రెండింట్లోనూ రాసి, కొత్తగా చేరిన కుర్రాడికిచ్చి, చిరిగిన టిక్కీలను విడిగా చూపించమన్నాను. ఎలిక్సిర్‌లో ఒకే పేరుతో నాలుగు ఫంక్షన్లు కనబడేసరికి ఏది నడుస్తుందో తెలియక ఆగిపోయాడు. గో కోడ్ చూసి "అక్కా, ఇది పైనుంచి చదువుకుంటూ పోతే చాలు" అన్నాడు. రేపు దాన్ని చూసుకోవాల్సింది అతనే. నిజమే, గోలో అడుగడుగునా ఎర్రర్ వచ్చిందేమో చూసే మూడు లైన్లు రాయాలి, విసుగే. అయినా నాకు అతని మాటే ముఖ్యమనిపించింది.

గో ఖాయం చేశాం. అద్దె రూల్స్‌ని వెబ్ భాగంతో సంబంధం లేకుండా విడి ప్యాకేజీలో, టెస్టులతో పెట్టాం. డేటా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంది, రేపు భాష మార్చాల్సి వచ్చినా టేబుళ్లు అలాగే ఉంటాయి. మామూలుగా ఫిబ్రవరిలో, ఆగస్టులో కొత్త గో వెర్షన్ వస్తుంది. వచ్చినప్పుడల్లా టెస్టులన్నీ నడిపి వెర్షన్ మార్చే పనిని ఏఎంసీలోనే (ఏటా చేసే నిర్వహణ ఒప్పందంలో) రాయించాం.