తిరగేసిన కాంప్టన్ ప్రయోగం

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్వామి జ్ఞానానంద నెలకొల్పిన అణుభౌతిక ప్రయోగశాలలో చదువుకున్నవారికి కాంప్టన్ ప్రయోగం గుర్తుండే ఉంటుంది. సీసపు ఇటుకల మధ్య భద్రపరచిన సీజియం-137 నుంచి సన్నని రంధ్రం గుండా వెలువడే గామా కిరణాలు అల్యూమినియం కడ్డీని తాకి నలుదిక్కులకూ చెదిరేవి. సోడియం అయొడైడ్ స్ఫటికాన్ని కోణం వెంబడి కొద్దికొద్దిగా జరుపుతూ, ఎనలైజర్ మీటను ఒక్కొక్క గీత చొప్పున తిప్పుతూ, వచ్చిన లెక్కలను రికార్డులో రాసుకునేవాళ్లం. 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (ఎలక్ట్రాన్ వోల్టు అంటే అణుస్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం) శక్తితో బయలుదేరిన కిరణం 60 డిగ్రీల వద్ద 402కు, 90 డిగ్రీల వద్ద 288కి తగ్గిపోయేది. కోణాన్ని బట్టి శక్తి ఎలా మారుతుందో చూపే ఆ గ్రాఫు సక్రమంగా వస్తే ప్రయోగం ముగిసినట్టే లెక్క.

వైవాలో మా మాస్టారు మాత్రం అక్కడితో వదిలిపెట్టలేదు. "కడ్డీలోని ఎలక్ట్రాన్ ఇంచుమించు కదలకుండా ఉంది కాబట్టి గామా కిరణం దానికి శక్తిని ఇచ్చుకుంది. అదే ఎలక్ట్రాన్ కాంతి వేగానికి దగ్గరగా ఎదురు పరుగెత్తుకొస్తే ఏమవుతుందో లెక్కగట్టి తీసుకురండి" అన్నారు. ఆ లెక్కే తర్వాత నా వృత్తి జీవితానికి దారి చూపింది కనుక, మన విభాగం పూర్వ విద్యార్థుల ఈ సంచికకు రాయడానికి నాకు అంతకంటే తగిన విషయం కనబడలేదు.

ఎలక్ట్రాన్ స్థిరద్రవ్యరాశికి సమానమైన శక్తి 0.511 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. దాని మొత్తం శక్తి 511 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులకు చేరేలా వేగం పెంచితే లోరెంట్జ్ గుణకం, అంటే మొత్తం శక్తి ఆ స్థిరశక్తికి ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య, 1000 అవుతుంది. దానికి ఎదురుగా ఆకుపచ్చని లేజర్ కాంతిని పంపుదాం. ఆ కాంతిలోని ఒక్కొక్క ఫోటాన్ శక్తి 2.33 ఎలక్ట్రాన్ వోల్టులు. మన వైపు దూసుకొచ్చే రైలింజను కూత హెచ్చు స్థాయిలో వినిపించినట్టే, ఎలక్ట్రాన్‌తో పాటు ప్రయాణించేవారికి ఆ కాంతి పౌనఃపున్యం రెండు వేల రెట్లు పెరిగి, 4.66 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎక్స్ కిరణంగా కనబడుతుంది. ఎలక్ట్రాన్ తన దృష్టిలో తాను నిశ్చలంగానే ఉంది. తన మీద పడిన ఎక్స్ కిరణాన్ని చెదరగొట్టడమే అది చేసిన పని. 1920ల మొదట్లో సెయింట్ లూయిస్‌లో ఆర్థర్ కాంప్టన్ మాలిబ్డినం ఎక్స్ కిరణాలను గ్రాఫైట్ మీద పడేటట్టు చేసి గమనించినదీ ఇదే. ఇప్పుడు ప్రయోగశాల నేల మీద నిలబడి చూద్దాం. వెనక్కి చెదిరిన ఆ కిరణం మన వైపు వస్తున్న ఎలక్ట్రాన్ నుంచి వెలువడింది కనుక దాని పౌనఃపున్యం మరో రెండు వేల రెట్లు పెరుగుతుంది. రెండూ కలిస్తే నలభై లక్షల రెట్లు. కంటికి కనబడే ఆకుపచ్చని వెలుగు 9.3 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణమై తిరిగి వస్తుంది. ఆ శక్తి అంతా ఎలక్ట్రాన్ దగ్గర తీసుకున్నదే.

ఈ ఆలోచన ప్రయోగశాలకు చేరడానికి లేజర్ రావలసి వచ్చింది. 1960లో లేజర్ పుట్టింది. 1963లోనే అమెరికాలో మిల్‌బర్న్, ఆర్మేనియాలో అరుత్యునియన్, తుమానియన్ విడివిడిగా ఈ మార్గాన్ని ప్రతిపాదించారు. ఆ దశాబ్దం సగం గడిచేసరికి సోవియట్ యూనియన్‌లోనూ, మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్ ఎలక్ట్రాన్ యాక్సెలరేటర్ వద్దా ఆ గామా కిరణాలను చూడగలిగారు. 1970ల చివర ఇటలీలోని ఫ్రాస్కాటిలో, ఎలక్ట్రాన్లను గంటల తరబడి గుండ్రంగా తిప్పుతూ నిలిపి ఉంచే అడోనే స్టోరేజి రింగు దగ్గర, ఇతర ప్రయోగాలకు వాడుకోదగిన గామా పుంజం సిద్ధమైంది.

కాగితం మీద ఇంత సులువుగా ఉన్నది యంత్రంలో ఎందుకు కష్టమైందో చెప్పాలి. ఫోటాన్‌కు ఎలక్ట్రాన్ అడ్డుపడే వైశాల్యం చదరపు సెంటీమీటరులో 6.65×10⁻²⁵ వంతు మాత్రమే. ఒక నానోకూలాంబు ఎలక్ట్రాన్ గుచ్ఛంలో ఆరు వందల కోట్లకు పైగా ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఒక జౌలు పరారుణ లేజర్ స్పందనలో యాభై వేల కోట్ల కోట్లకు పైగా ఫోటాన్లు ఉంటాయి. ఈ రెంటినీ పది మైక్రాన్ల మేర బిగించి, సరిగ్గా ఒకే క్షణంలో ఎదురెదురుగా ఢీకొట్టించినా, సగటున ఒక్కొక్క ఎలక్ట్రాన్ ఒక్క ఫోటాన్‌నైనా పూర్తిగా చెదరగొట్టలేదు. వెంట్రుక మందంలో కొద్ది వంతు ఉన్న చోట, సెకనులో లక్ష కోట్ల వంతులతో లెక్కించే కాలంలో రెండు పుంజాలను కలపడమే ఈ విద్యలోని అసలు శ్రమ. ఆ శ్రమ విలువను నేను అమెరికాలోని నార్త్ కరొలైనా రాష్ట్రంలో, డ్యూక్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని గామా కేంద్రంలో ప్రయోగాలు చేసే రోజుల్లో గుర్తించాను.

అక్కడి ఏర్పాటు నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. బయటి నుంచి లేజర్ తెచ్చి పెట్టకుండా, స్టోరేజి రింగులో తిరిగే ఎలక్ట్రాన్ల చేతనే లేజర్ కాంతిని పుట్టిస్తారు. రింగు చుట్టుకొలత సుమారు 107 మీటర్లు. కాంతిని అటూ ఇటూ తిప్పికొట్టే రెండు అద్దాల మధ్య దూరం అందులో సరిగ్గా సగం. రింగులో రెండు ఎలక్ట్రాన్ గుచ్ఛాలు ఒకదానికొకటి సగం చుట్టు దూరంలో ఉంటూ ఒకే దిశలో తిరుగుతుంటాయి. మొదటి గుచ్ఛం అయస్కాంతాల వరుసలో ఊగుతూ వెలువరించిన కాంతి అద్దాన్ని తాకి వెనుదిరిగి వచ్చే వేళకు, రెండో గుచ్ఛం దానికి ఎదురుగా అక్కడికి చేరుతుంది. రెండు దూరాల నిష్పత్తి కుదిరింది కనుక ఈ కలయిక ప్రతి చుట్టులోనూ దానంతటదే జరిగిపోతుంది. యంత్ర నిర్మాణంలో ఇంత పొందికైన ఆలోచన నేను మరొకటి చూడలేదు.

ఢీకొన్న చోటి నుంచి యాభై మీటర్లకు పైగా దూరంలో సీసపు దిమ్మకు ఒక గుండ్రని రంధ్రం ఉంటుంది. మన ప్రయోగశాలలో వేసిన గ్రాఫు ఇక్కడ పనికొచ్చింది. చెదిరిన కిరణాల శక్తి కోణాన్ని బట్టి మారుతుంది: నేరుగా ముందుకు వచ్చినదానికి గరిష్ఠ శక్తి, ఒక మిల్లీరేడియన్ (డిగ్రీలో సుమారు పదిహేడో వంతు) పక్కకు వచ్చినదానికి అందులో సగమే. లోరెంట్జ్ గుణకం 1000 అనుకుంటే, యాభై మీటర్ల దూరాన అర సెంటీమీటరు వ్యాసార్ధం గల రంధ్రం గుండా వచ్చే కిరణాల మధ్య, ఈ కోణం వల్ల కలిగే శక్తి తేడా ఒక శాతమే. గామా కిరణాలకు కటకాలూ పట్టకాలూ ఉపయోగపడవు. శక్తిని ఏరి తీయడానికి ఆ రంధ్రమే చాలు. ప్రయోగం మొదలుపెట్టే ముందు పుంజానికి రాగి దిమ్మలు అడ్డం పెట్టి దాని తీవ్రతను తగ్గించి, జెర్మేనియం డిటెక్టరును నేరుగా దాని దారిలోకి జరిపి వర్ణపటం చూసేవాళ్లం. తెర మీద శిఖరం నెమ్మదిగా పేరుకునేది. అధిక శక్తి వైపు అంచు నిలువునా తెగినట్టుండేది, తక్కువ శక్తి వైపు మెల్లగా వాలేది. ఆ శిఖరానికి సరిగ్గా 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కింద ఒకటి, దానికి మరో 511 కింద ఇంకొకటి చిన్న శిఖరాలు తేలేవి. డిటెక్టరులో ఎలక్ట్రాన్, దాని ధనావేశపు ప్రతిరూపమైన పాజిట్రాన్ జంటగా పుట్టి, ఆ పాజిట్రాన్ నశించినప్పుడు వెలువడే రెండు 511 కిరణాల్లో ఒకటో రెండూనో బయటికి జారిపోవడం వల్ల ఏర్పడేవవి.

ఈ పుంజానికి మరో గుణం ఉంది: లేజర్ కాంతికి ఉన్న ధ్రువణం గామా కిరణానికీ సంక్రమిస్తుంది. భ్రమణం సున్నాగా ఉన్న కేంద్రకం మీద క్షితిజ సమాంతర ధ్రువణం గల పుంజాన్ని వేసి, దాని శక్తి కేంద్రకంలోని ఒక స్థాయికి సరిపోయేలా కుదిర్చితే, కేంద్రకం ఆ కిరణాన్ని పీల్చుకుని మళ్లీ వెలువరిస్తుంది. పుంజానికి లంబంగా ఒక డిటెక్టరును పక్కన, మరొకదాన్ని పైన ఉంచాలి. పైనున్న దానిలో లెక్కలు వచ్చి పక్కనున్న దానిలో రాకపోతే అది విద్యుత్ ద్విధ్రువ సంక్రమణం. అటుదిటైతే అయస్కాంత ద్విధ్రువ సంక్రమణం. కేంద్రకంలోని ఒక స్థాయికి ధన సమతా ఋణ సమతా (దిశలన్నీ తిరగేస్తే దాని గుర్తు మారదా, మారుతుందా) అన్నది ఏ డిటెక్టరు మోగిందో చూసి చెప్పవచ్చు. ఒకప్పుడు ఎంతో శ్రమపడితే గాని తేలని విషయమిది.

ఎక్స్ కిరణాల విషయంలో నా అభిప్రాయం కొంత వేరుగా ఉంటుంది. 44 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల చిన్న రింగులో పరారుణ లేజర్‌ను ఢీకొట్టిస్తే 35 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎక్స్ కిరణాలు వస్తాయి. అయస్కాంతాల వరుసతో ఎలక్ట్రాన్లను ఊపి కాంతిని పుట్టించే అండ్యులేటర్‌లో ఒక్కొక్క ఊపు పొడవు సెంటీమీటర్లలో ఉంటుంది, లేజర్‌ది మైక్రాన్లలో ఉంటుంది. అందుకే వేల మిలియన్ల వోల్టుల పని పదుల మిలియన్లతో జరిగిపోతుంది. 2015లో మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ప్రారంభమైన కేంద్రం ఇలాంటిదే. ఒక హాలులో ఇమిడిపోతుంది. అయోడిన్ ద్రవం ఎక్కించిన రక్తనాళాలను స్పష్టంగా విడదీసి చూడటానికీ, మెత్తని కణజాలాన్ని చూడటానికీ ఇది బాగా ఉపకరిస్తుంది. అయినా ప్రకాశంలో ఇది పెద్ద సింక్రోట్రాన్లకు సాటి రాదు. ఆసుపత్రికీ మ్యూజియానికీ దగ్గరగా పెట్టుకోగల వీలే దీని బలం. గామా కిరణాల సంగతి అలా కాదు. కోరిన శక్తికి కుదుర్చుకోగల, ధ్రువణం గల, దాదాపు ఏకశక్తి గామా పుంజాన్ని ఇవ్వడంలో దీనికి సాటి రాగల మార్గం నాకు తెలిసినంతలో లేదు. యురేనియం-235కు 1733 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద ఒక ప్రత్యేకమైన స్థాయి ఉంది. ఆ శక్తి గల పుంజాన్ని మూసి ఉన్న ఇనుప పెట్టె మీద వేసి, లోపల ఆ ఐసోటోపు ఉన్నదీ లేనిదీ తెలుసుకునే పద్ధతికి ఇదే ఆధారం.

లేజర్ తీవ్రత బాగా పెరిగితే మా మాస్టారి లెక్క కూడా చాలదు. అప్పుడు ఒక ఎలక్ట్రాన్ ఒకేసారి అనేక ఫోటాన్లను మింగి ఒకే గామా కిరణాన్ని వదులుతుంది. కాలిఫోర్నియాలోని స్లాక్ యాక్సెలరేటర్ కేంద్రంలో 46.6 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్లతో చేసిన ప్రయోగంలో, ఇలా పుట్టిన గామా కిరణాలు మళ్లీ అదే లేజర్ కాంతిని ఢీకొని ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటలను సృష్టించాయని 1997లో ప్రకటించారు. వెలుగును వెలుగుతో ఢీకొట్టించి పదార్థాన్ని పుట్టించారన్నమాట.

ఇప్పుడు విభాగంలో చదువుతున్నవారికి ఒక లెక్క ఇస్తున్నాను. షాంఘైలో 3.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల స్టోరేజి రింగుకు కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను జోడించి 21.7 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దాకా గామా కిరణాలు పుట్టిస్తున్నారు. మన ఇండోర్‌లోని ఇండస్-2 రింగు శక్తి 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు. అదే లేజర్‌ను దానికి ఎదురుగా పంపితే నా లెక్కకు 11 మిలియన్లు దాటి వస్తోంది. చాలా కేంద్రకాల నుంచి న్యూట్రాన్‌ను ఊడదీయడానికి సుమారు 8 మిలియన్లు సరిపోతాయి. ఆ రింగు వద్ద పనిచేస్తున్న మన పూర్వ విద్యార్థులు ఎవరైనా ఉంటే, తిన్నని భాగాల్లో లేజర్‌ను లోపలికి పంపడానికి చోటుందా, గామా పుంజం బయటికి రావడానికి దారి ఎటు కుదురుతుంది అన్నది నాకు రాయవలసిందిగా కోరుతున్నాను. మిగిలిన లెక్కలు కలిసి కూర్చుని చేద్దాం.