నా విమానం బ్రేకుల్లో కార్ల బ్రేక్ ఫ్లూయిడ్ డాట్ 3 పోసిన పాపానికి

బ్రేకుల పని నిన్నటితో అయిపోయింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

టెక్సాస్‌లో ఒక హ్యాంగర్ అద్దెకు తీసుకుని నాలుగేళ్లుగా ఆర్‌వీ-7ఏ కడుతున్నాను. విడిభాగాల కిట్ కొని సొంతంగా కట్టుకునే చిన్న విమానం ఇది. తోక, రెక్కలు, ఇంజన్ బిగింపు అన్నీ సాఫీగానే సాగాయి. రెక్కల రివెట్లు చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు, ఆ మాట గర్వంగానే చెప్తాను.

బ్రేకుల దగ్గరే దెబ్బ తిన్నాను. పక్క హ్యాంగర్‌లో పనిచేసే మెకానిక్‌ని ఏ ఫ్లూయిడ్ పోయాలని అడిగాను. "బ్రేక్ ఏదైనా ఒకటే. కార్ల షాపులో డాట్ 3 తెచ్చుకో" అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న మనిషి కదా అని నమ్మి పోశాను. రెండు వారాలు తిరక్కముందే ఎడమ పెడల్ మెత్తబడింది. చక్రం దగ్గర డిస్క్‌ని నొక్కి పట్టే కాలిపర్ కింద తడి. ఆ చుక్కలు పడినచోట ఫెయిరింగ్ (చక్రం మీది తొడుగు) మీద పెయింట్ కూడా లేచిపోయింది.

ఆయన్నే పిలిచి చూపించాను. నలుగురూ చూస్తుండగా, "నేనెప్పుడు చెప్పాను? విమానం కట్టేవాడివి, మాన్యువల్ చదవవా?" అన్నాడు. నోట మాట రాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అనుభవం ఉన్నవాళ్లు తెలియకపోతే తెలియదని చెప్పాలి. ఎదుటివాడి ప్రాణం దాని మీద ఆధారపడి ఉంటుంది. ఈ విమానం ముందు చక్రం పెడల్స్‌తో తిరగదు. నేల మీద నెమ్మదిగా వెళ్లేటప్పుడు మలుపు తిప్పాలంటే ఎడమ, కుడి బ్రేకులే దిక్కు.

తర్వాత కూర్చుని చదివితే తెలిసింది. డాట్ 3 గ్లైకాల్ అనే రసాయనంతో చేసిన రకం, దానికి ఈపీడీఎం అనే రకం రబ్బరు సీళ్లు కావాలి. నా బ్రేకుల్లో సీళ్లుగా ఉన్నవి బునా-ఎన్ అనే మరో రకం రబ్బరుతో చేసిన ఓ-రింగులు (గుండ్రటి రింగులు). గ్లైకాల్ తగిలితే అవి ఉబ్బి పాడవుతాయి. వాటికి పడేది ఎర్రటి హైడ్రాలిక్ ఆయిల్. కాబట్టి ముందు మీ సీళ్లు ఏ రబ్బరో చూడండి, ఫ్లూయిడ్ సంగతి ఆ తర్వాత. రంగును నమ్మకండి, కార్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ కూడా ఎర్రగానే ఉంటుంది.

పెడల్ నొక్కితే ఫ్లూయిడ్‌ని తోసే మాస్టర్ సిలిండర్లు, కాలిపర్లు, పార్కింగ్ బ్రేక్ వాల్వ్ అన్నీ విప్పాను. పైపులు ఆల్కహాల్‌తో కడిగి గాలి కొట్టి ఆరబెట్టాను. ఓ-రింగులన్నీ కొత్తవి వేశాను.

ఇక ఆయిల్. విమానాల ఎర్ర హైడ్రాలిక్ ఆయిల్‌లో చాలామంది వాడేది 5606 అనే రకం. నేను 83282 అనే రకం తీసుకున్నాను. 5606 ఫ్లాష్ పాయింట్ (ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే వేడి) కనీసం 82 డిగ్రీల సెల్సియస్ ఉంటే చాలు, 83282కి 205 ఉండాలి. బాగా వేడెక్కిన బ్రేక్ డిస్క్ మీద ఆయిల్ కారితే మంట అంటుకునే ప్రమాదం ఉంది, అందుకే ఇది ఎంచుకున్నాను. గడ్డకట్టే చలిలో ఇది 5606 కన్నా చిక్కబడుతుంది, కానీ మా ఊళ్లో అంత చలి లేదు.

కాలిపర్ కింద నుంచి పైకి ఆయిల్ పంప్ చేశాను, గాలి బుడగలన్నీ పోయాయి. పెడల్ గట్టిగా నిలిచింది. నిన్న రాత్రి చక్రాల కింద తెల్ల కాగితం పరిచి ఇంటికి వెళ్లాను. ఈ పొద్దున చూస్తే దాని మీద ఒక్క ఎర్ర మచ్చ కూడా లేదు.