స్టార్ట్-స్టాప్ మానేసిన కారు: రాయగడలో నేను చూసుకున్న కొలతలు

నా కారులో స్టార్ట్-స్టాప్ ఉంది, అంటే బండి నిలబడినప్పుడు ఇంజన్ తనంతట తానే ఆగి, కదిలే ముందు మళ్లీ స్టార్ట్ అవుతుంది. న్యూట్రల్‌లో వేసి క్లచ్ వదిలితే ఆగాల్సిన ఆ ఇంజన్ ఆగడం మానేసింది. వర్క్‌షాపులో ఒక్కటే మాట: బ్యాటరీ మార్చేయండి. స్టార్ట్-స్టాప్ కార్లకు వేసే ఈఎఫ్‌బీ రకం రాయగడలో అడిగిన వెంటనే దొరకలేదు. విశాఖ నుంచో బరంపురం నుంచో తెప్పించాలన్నారు, ధర కూడా మామూలు బ్యాటరీ కంటే బాగా ఎక్కువ. అందుకే కొనే ముందు అన్నీ కొలిచి చూశాను.

ముందుగా బ్యాటరీతో పనిలేని కారణాలు. సీటు బెల్టు పెట్టుకోకపోయినా, డ్రైవర్ తలుపు సరిగా పడకపోయినా, ఇంజన్ ఇంకా వేడెక్కకపోయినా, ఏసీ గట్టిగా పనిచేస్తున్నా ఇంజన్ ఆగదు. చాలా కార్లలో ఏటవాలు మీదా ఆగదు. సాలూరు నుంచి సుంకి ఘాటు ఎక్కి కొరాపుట్ వెళ్లేవాళ్లు దీన్ని జబ్బు అనుకోనక్కర్లేదు. బానెట్ స్విచ్‌లో వానాకాలం బురద చేరినా ఇదే గొడవ: బానెట్ తెరిచి ఉందనుకుని కంప్యూటర్ స్టార్ట్-స్టాప్‌ని ఆపేస్తుంది. నా కారులో ఇవన్నీ బాగానే ఉన్నాయి.

తర్వాత బ్యాటరీ వోల్టేజీ. దీన్ని బండి రాత్రంతా కదలకుండా ఉన్నాక చూడాలి. పొద్దున తలుపు తీస్తే కంప్యూటర్లు లేచి రీడింగు పడిపోతుంది కాబట్టి బానెట్ రాత్రే తెరిచిపెట్టాను. గొళ్లాన్ని స్క్రూడ్రైవరుతో నొక్కి మూసినట్టు చేయాలి, లేకపోతే కొన్ని కార్లు నిద్రపోవు. బానెట్ దించే ముందు లివర్ లాగి ఆ గొళ్లాన్ని మళ్లీ తెరవాలి. కీలెస్ తాళమైతే కారుకు దూరంగా ఉంచాలి. మల్టీమీటర్‌లో 12.7 వోల్టులు వస్తే నిండుగా ఉన్నట్టు, 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం. నాకు 12.28 వచ్చింది. ఈ స్థితిలో సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, అందుకే బ్యాటరీ తగ్గిందంటే ఎవరూ నమ్మరు. కానీ ఇంజన్ ఆపాక మళ్లీ స్టార్ట్ అవుతుందో లేదోనని కంప్యూటర్ దాన్ని అసలు ఆపదు.

డైనమో పోయిందా? లైటర్ సాకెట్‌లో పెట్టుకునే వోల్ట్ మీటర్ 12.8 చూపిస్తే చాలామంది డైనమో విప్పించేస్తారు. ఈ కార్లలో డైనమో ఎప్పుడూ ఒకే వోల్టేజీ ఇవ్వదు. డీజిలో పెట్రోలో మిగలడానికి, మామూలుగా నడిచేటప్పుడు తగ్గిస్తుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు, ఘాటు దిగేటప్పుడు 14.5 దాటి పెంచుతుంది. హెడ్‌లైట్లు వేస్తే చాలా కార్లలో 14 దగ్గర నిలబడుతుంది. నా కారులో 14.3 వచ్చింది, అంటే డైనమోకి ఏమీ కాలేదు.

అసలు లోటు ఊళ్లో తిరుగుడులో ఉంది. మజ్జిగౌరమ్మ గుడి, స్టేషను, బజారు... అన్నీ చిన్న దూరాలే. బ్యాటరీని ఖాళీ చేసేది సెల్ఫ్ అనుకుంటాం గానీ, అది ఒక స్టార్ట్‌కి తీసుకునేది చాలా తక్కువ. రైల్వే గేటు దగ్గర ఇంజన్ ఆగినంతసేపు బ్లోయరు, లైట్లు, పాటలు కలిసి 30 యాంప్స్ లాగితే 2 నిమిషాలకే 1 యాంప్-అవర్ (ఒక యాంప్ గంటసేపు లాగితే అయ్యేంత ఛార్జి) పోతుంది. గేటు తెరిచాక బజారు దాకా వెళ్తే అంత తిరిగి ఎక్కదు.

కాబట్టి బయటి ఛార్జర్ పెట్టాను. ఎర్ర క్లిప్ బ్యాటరీ ప్లస్‌కి, నల్ల క్లిప్ బాడీ ఎర్త్ బోల్టుకి (మైనస్ కేబుల్‌ని కారు బాడీకి బిగించే చోటు). నల్ల క్లిప్ నేరుగా మైనస్ టెర్మినల్ మీద పెట్టకూడదు. అక్కడున్న చిన్న సెన్సార్ వచ్చిపోయే కరెంటు లెక్క రాస్తుంది, దాన్ని తప్పించి ఎక్కించిన ఛార్జి కంప్యూటర్ ఖాతాలో పడదు. 60 యాంప్-అవర్ బ్యాటరీకి 6 యాంప్స్ ఛార్జర్ చాలు. సగం ఖాళీకి లెక్కలో 5 గంటలే అయినా, చివర్లో కరెంటు తగ్గిపోతుంది కాబట్టి రాత్రంతా పెట్టాలి. గ్యాస్ వస్తుంది, గాలాడే చోట పెట్టాలి. కరెంటు పోయి వస్తే కొన్ని ఛార్జర్లు వాటంతటవి మొదలుకావు, ఒకసారి లేచి చూసుకోవాలి. ట్రాక్టర్ బ్యాటరీలు వరసగా కట్టే పాత ఛార్జర్ల దగ్గర ఈ రకం పెట్టించవద్దు. వోల్టేజీ అదుపు లేక లోపలి నీళ్లు ఆవిరవుతాయి, సీల్ చేసినదాంట్లో మళ్లీ పోయలేం. ఏజీఎం రకమైతే (స్టార్ట్-స్టాప్ కార్లకే వేసే ఇంకో రకం, యాసిడ్ గాజు పీచులో పీల్చుకుని ఉంటుంది) 14.8 వోల్టులు దాటనివ్వకూడదు, ఛార్జర్‌లోని రిపేర్ మోడ్ జోలికి పోకూడదు.

నిండాక ఛార్జర్ తీసేస్తే మర్నాటికి మళ్లీ 12.5కి పడింది. అంటే ఎక్కడో లీకు. డీసీ మిల్లీయాంప్స్ చదివే క్లాంప్ మీటర్ మైనస్ కేబుల్‌కి తగిలించి, తాళం వేసి గంట ఆగాను. 50 మిల్లీయాంప్స్ లోపు ఉండాలి, 290 ఉంది. ఫ్యూజులు పీకితే కంప్యూటర్లు మళ్లీ లేస్తాయి, అందుకని పీకకుండా ఒక్కో ఫ్యూజు నెత్తి మీది రెండు చుక్కల మధ్య మిల్లీవోల్టులు చూసుకుంటూ పోయాను, కరెంటు పారే ఫ్యూజు మీదే అవి కనిపిస్తాయి. దొరికింది డ్యాష్‌క్యామ్. యాక్సెసరీస్ షాపులో దానికి ఎప్పుడూ కరెంటుండే లైను ఇచ్చారు. రోజుకు 6 యాంప్-అవర్లకు పైగా దానికే! ఇగ్నిషన్‌తో వచ్చే లైనుకు మార్చాక 30 మిల్లీయాంప్స్‌కి దిగింది.

బాడీ ఎర్త్ కూడా చూశాను. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ మైనస్‌కీ ఇంజన్‌కీ మధ్య 0.2 వోల్టు మించకూడదు, 0.45 ఉంది. బోల్టు విప్పి తుప్పు గీకి, బిగించి, పైన గ్రీజు రాస్తే 0.1. తర్వాత మళ్లీ ఛార్జి చేసి, రాత్రంతా తాళం వేసి వదిలేస్తే సెన్సార్ లెక్క సరిచేసుకుంది, స్టార్ట్-స్టాప్ తిరిగి వచ్చింది.

ఇంత చేసినా, లీకు లేకుండానే వోల్టేజీ పడిపోతుంటే, లేదా నిండుగా ఉండి కూడా సెల్ఫ్ కొట్టినప్పుడు 9.6 కిందికి పోతుంటే బ్యాటరీ అయిపోయినట్టే. ఈఎఫ్‌బీ స్థానంలో మామూలుది వేస్తే బండి స్టార్ట్ అవుతుంది గానీ తొందరగా పోతుంది. ఏజీఎంతో వచ్చిన కారుకు మళ్లీ ఏజీఎమ్మే వేయాలి. కొన్ని యూరప్ కంపెనీల కార్లలో కొత్త బ్యాటరీ వేసినట్టు స్కానర్‌తో కంప్యూటర్‌కి చెప్పాలి. షాపుకి మల్టీమీటర్ పట్టుకెళ్లండి. తయారీ తేదీ పాతదైనా, వోల్టేజీ 12.5 కంటే తక్కువున్నా ఇంకొకటి తీయమనండి.