యాస

మా అబ్బాయికి పదిహేనేళ్లు. ఒక రాత్రి భోజనాల దగ్గర స్నేహితుల ముందు నా ఇంగ్లీషును అనుకరించాడు. 'వ' నేను పలికే తీరును అచ్చం దించేశాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత గిన్నెలు కడుగుతుంటే గొంతు పట్టేసింది.

ఆ ఆదివారం వాణ్ని ఒకప్పుడు రిచీ సైనిక శిబిరం ఉన్న చోటికి తీసుకెళ్లాను. మేముండే మేరీలాండ్‌లోనే, పెన్సిల్వేనియా సరిహద్దు దగ్గర కొండల్లో ఉంది. 1942 జూన్‌లో అమెరికా సైన్యం అక్కడ నిఘా విద్యలో శిక్షణ మొదలుపెట్టింది. శిక్షణ పొందినవారు సుమారు 20,000 మంది. వారిలో రెండు వేలకు పైగా హిట్లర్ బారి నుంచి తప్పించుకుని వచ్చిన యూదు యువకులు. అమెరికా కాగితాల్లో వాళ్లు అప్పటిదాకా శత్రుదేశస్థులు. అయినా వాళ్ల జర్మన్ ఈ దేశానికి అవసరమైంది.

చెరువు గట్టున కూర్చుని, ఆ యువకుల్లో ఒకడైన గై స్టెర్న్ కథ చెప్పాను. 1937లో, సరిగ్గా మావాడి వయసులో, తల్లిదండ్రులు ఆయన్ని ఒంటరిగా జర్మనీ నుంచి అమెరికాకు, సెయింట్ లూయిస్‌లోని బంధువుల ఇంటికి పంపేశారు. మిగతావారిని రప్పించాలని ఆ పిల్లవాడు చాలా తిరిగాడు, కుదరలేదు. అమ్మ, నాన్న, తమ్ముడు, చెల్లెలు ఎవరూ బతకలేదు. మావాణ్ని వేసవి శిబిరానికి వారం రోజులు పంపడానికే నాకు నిద్ర పట్టదు. ఆ తల్లి పెట్టె ఎలా సర్దిందో!

1944లో ఫ్రాన్స్ తీరాన నార్మండీలో దిగాక, పట్టుబడిన జర్మన్ సైనికుల నుంచి సమాచారం రాబట్టడం స్టెర్న్ పని. రష్యా చెర అంటే వాళ్లకు హడలు. అందుకని నోరు విప్పనివాళ్ల ముందుకు ఆయన క్రూకోవ్ అనే సోవియట్ అధికారి వేషంలో వచ్చి, రష్యన్ యాసతో జర్మన్ మాట్లాడేవాడు. సహచరుడు ఫ్రెడ్ హోవర్డ్ పక్కనుంచి మెత్తగా నచ్చజెప్పేవాడు.

"యాస పెట్టి నటించాడా?" మావాడి కళ్లు మెరిశాయి. అంతలోనే తల వంచుకుని నీళ్లలోకి ఒక గులకరాయి విసిరాడు. ఆ రాత్రి సంగతి నేను ఎత్తలేదు.

చెప్పాలా వద్దా అని తటపటాయించి, మరొకటి కూడా చెప్పాను. 1944 డిసెంబరులో పట్టుబడిన ఇద్దరు రిచీ సైనికులను, యూదులని తెలిసి, ఒక జర్మన్ అధికారి కాల్పించేశాడు.

తెలుగు ఎప్పటికైనా పనికొస్తుందని వాడికి ఎన్నోసార్లు చెప్పాను. ఆ చెరువు గట్టున ఆ మాట నాకే చిన్నదిగా తోచింది. యుద్ధం ముగిశాక స్టెర్న్ జర్మన్ సాహిత్యం బోధించే ఆచార్యుడయ్యాడు. 2023లో, 101 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

"ఇంట్లోవాళ్లను చంపినవాళ్ల భాష కదమ్మా!"

"వాళ్లమ్మ ఆయన్ని పిలిచిన భాష కూడా అదే కదా నాన్నా. పుట్టినప్పుడు పెట్టిన పేరు గుంటర్. గై అన్నది ఇక్కడికి వచ్చాక."

బడిలో తన పేరును రెండక్షరాలకు కుదించుకున్న మావాడు చాలాసేపు ఏమీ అనలేదు. కారు దగ్గరికి నడుస్తూ "గుంటర్" అని మెల్లగా పలికి చూసుకున్నాడు. సరిగా రాలేదని మళ్లీ పలికాడు.