సముద్రపు గాలిలో మంగలి కత్తి: తుప్పు నుంచి కాపాడుకున్న విధం

మా మేనమామగారు కొన్నాళ్లు వాడి, తర్వాత సేఫ్టీ రేజరుకు మారి పక్కన పెట్టేసిన మంగలి కత్తి ఒకటి నా చేతికి వచ్చింది. తోక దగ్గర, కత్తుల తయారీకి పేరుపొందిన సోలింగెన్ ఊరి పేరు చెక్కి ఉన్న జర్మనీ కత్తి అది. ఆయన ఉండేది అనంతపురంలో. నేను ఉంటున్నది విశాఖపట్నంలో, అలల హోరు వినిపించేంత దూరంలో. అక్కడ ఏళ్ల తరబడి సొరుగులో పడి ఉన్నా పెద్దగా చెడని ఉక్కు, ఇక్కడికి వచ్చిన మొదటి వానాకాలంలోనే రంగు మారడం మొదలుపెట్టింది. దానిని దారికి తెచ్చి, మళ్లీ చెడకుండా నిలబెట్టుకోవడానికి నేను చేసినవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

పాతకాలపు మంగలి కత్తులను ఎక్కువగా సుమారు ఒక శాతం కార్బన్ ఉన్న ఉక్కుతో చేసేవారు. ఆ ఉక్కు సానరాయి మీద చక్కగా పదునెక్కుతుంది, కానీ తుప్పును అడ్డుకునేంత క్రోమియం అందులో ఉండదు. స్టెయిన్‌లెస్ స్టీలు అనిపించుకోవాలంటే కనీసం 10.5 శాతం క్రోమియం కావాలి. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుము తుప్పు పట్టే వేగం బాగా పెరుగుతుంది, ఉప్పు తోడైతే అంతకంటే తక్కువ తేమలోనే మొదలవుతుంది. విశాఖలో ఏడాదిలో చాలా నెలలు తేమ 70 శాతానికి పైనే ఉంటుంది. దీనికి తోడు, బాగా పదును పెట్టిన కత్తి అంచు మందం ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా ఉండదు, మన వెంట్రుకేమో సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. అందువల్ల కంటికి కనిపించే తుప్పు రాకముందే అంచు దెబ్బతింటుంది. నిన్నటి దాకా సాఫీగా నడిచిన కత్తి, ఏ మరకా లేకుండానే ఈరోజు గడ్డాన్ని పీకుతున్నదంటే నేను ముందుగా తేమనే అనుమానిస్తాను.

మరకలన్నీ తుప్పు కావన్నది మొదట తేల్చుకోవలసిన విషయం. రేకు (పిడి కాని ఉక్కు భాగం) మీద నలుపు, నీలం, బూడిద రంగుల్లో పరుచుకునే మరకలు ఉక్కు పైపొరలోనే ఉంటాయి, వాటి వల్ల కత్తి అందం చెడుతుందే తప్ప పని చెడదు. ఎర్రగా, పొడిపొడిగా ఉండేదే అసలు శత్రువు. అది తేమను పట్టి ఉంచి తన కింద గుంట తవ్వుకుంటూ పోతుంది. కుట్టుమిషను నూనెలో తడిపిన దూదితో రుద్దినప్పుడు దూదికి గోధుమరంగు అంటితే అది తుప్పేనని నేను లెక్క వేసుకున్నాను. అలా అంటిన చోట్ల, పెయింటర్లు వాడే వాటర్ పేపర్‌లో 2000 నంబరుది తీసుకుని, నూనె వేసి మెల్లగా రుద్దాను. ఆ తర్వాత ఇత్తడి సామాను తోమే పాలిష్‌తో మెరుగు పెట్టాను. ఈ పని చేసేటప్పుడు కత్తిని చెక్క మీద బల్లపరుపుగా ఆనించి, చేతిని వెన్ను నుంచి అంచు వైపుకు మాత్రమే నడపాలి, అంచు పొడవునా నడిపితే వేలు తెగుతుంది. రేకు మీద బంగారు పూత అక్షరాలు ఉంటే పాలిష్ వాటి దరిదాపులకు పోకూడదు. నిమ్మరసం, వెనిగర్ సలహాలు చాలామంది ఇచ్చారు కానీ నేను వాటి జోలికి పోలేదు, ఎందుకంటే ఆమ్లం తుప్పుతో ఆగదు, మంచి ఉక్కును కూడా తింటుంది. రేకు మధ్యలో మిగిలిన గుంటలను అలాగే వదిలేశాను. గుంట అంచు మీదే ఉంటే మాత్రం అది పోయేదాకా సానరాయి మీద ఉక్కును అరగదీయడం తప్ప మరో దారి లేదు.

ఇక నివారణ సంగతి. నూనె గురించి అందరూ చెబుతారు, కానీ నా అనుభవంలో నూనె కంటే ఆరబెట్టడమే ముఖ్యం. నీరు దాక్కునే చోటు రేకు కాదు, కత్తిని పిడికి కలిపే మేకు చుట్టూ ఉన్న సందు. అక్కడికి ఒకసారి చేరిన నీరు రెండు పిడిబద్దల మధ్య రోజంతా ఉండిపోతుంది. అందుకే గడ్డం గీసుకునేటప్పుడు నురగను తుడుచుకోవడానికి తడిగుడ్డ వాడతాను, కత్తిని కుళాయి కింద తిప్పను. చివరి కడుగు కూడా రేకు వరకే, అదీ మంచినీళ్లతోనే. తీరప్రాంతపు బోరునీళ్లలో ఉండే ఉప్పు ఆరిన తర్వాత ఉక్కు మీదే నిలిచి, గాలిలోని తేమను పిలుచుకుని గుంటలు పెడుతుంది. తర్వాత మెత్తటి కాగితంతో వెన్ను నుంచి అంచుకు తుడిచి, మడిచిన నూలు పేలికను మేకు దగ్గరి సందులో ఒకసారి లాగుతాను. కత్తి అంచును సరిచేసుకునే తోలు పట్టీకి వెనుక ఉండే నూలు పట్టీ మీద నాలుగైదు సార్లు తిప్పితే చేతికి అందని అంచు మీది చెమ్మ కూడా పోతుంది. ఆ పైన కత్తిని మూయకుండా కాసేపు ఫ్యాను గాలికి ఉంచుతాను. పటిక రాసుకునే అలవాటు ఉన్నవారు ఇదంతా ముగించాకే పటికను ముట్టుకోవాలి. పటిక నీరు ఆమ్ల గుణం కలది, ఆ వేళ్లతో రేకును పట్టుకుంటే వేలిముద్ర మరకై కూర్చుంటుంది.

రోజూ వాడే కత్తికి ఇంతకు మించి అవసరం లేదు. కొన్నాళ్లు పక్కన పెట్టేటప్పుడే నూనె రాస్తాను, అదీ కుట్టుమిషను నూనె, దూదితో పలుచగా. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె రాసేవారున్నారు. అది సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, పైగా వంటనూనెలన్నీ కాలం గడిచేకొద్దీ ముక్కిపోయేవే. జపాన్‌లో కత్తులకు కమీలియా గింజల నూనె రాసే ఆచారం ఉంది, కానీ అది మన బజారులో తేలిగ్గా దొరికేది కాదు. ఏ నూనె రాసినా, తోలు పట్టీకి పెట్టే ముందు పూర్తిగా తుడిచేయాలి.

దాచే చోటు విషయంలో స్నానాలగది పనికిరాదన్నది అందరికీ తెలిసిందే. తోలు ఒర కూడా మంచిది కాదు, ఎందుకంటే తోలు చెమ్మను పీల్చి పట్టి ఉంచుతుంది. ఎవరూ చెప్పని ప్రమాదం ఏసీ గది: చల్లబడిన కత్తిని ఉక్కపోసే వరండాలోకి తెచ్చిన క్షణంలో కళ్లద్దాల మీద పట్టినట్టే రేకు మీద మంచు పడుతుంది. అందువల్ల నా కత్తి హాలులోని చెక్క అలమరలో, సిలికా జెల్ పొట్లంతో పాటు మూత బిగువుగా ఉన్న డబ్బాలో ఉంటుంది. జెల్ రంగు మారగానే వేడిచేసి తేమ వదలగొడతాను.

పాత కత్తులు కొనేవారు పిడిని కూడా వాసన చూడాలి. సెల్యులాయిడ్ (పాతకాలపు ప్లాస్టిక్) పిడి శిథిలమవుతున్నప్పుడు కర్పూరపు వాసన ఘాటుగా వస్తుంది, దాని నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరి పిడి లోపల ఉన్న రేకును తుప్పు పట్టిస్తుంది. అలాంటి పిడిని మార్చేవరకు ఎంత తుడిచినా, ఎంత నూనె రాసినా ఫలితం ఉండదు. దానిని మరో కత్తితో కలిపి ఒకే డబ్బాలో పెట్టడం కూడా ప్రమాదమే. తీరప్రాంతంలో ఉంటూ వారానికి ఒకసారి మాత్రమే గడ్డం గీసుకునేవారికి నేనైతే స్టెయిన్‌లెస్ మంగలి కత్తినే సూచిస్తాను, దానికి సాన పట్టడం కాస్త ఆలస్యమైనా సరే. అయితే ఉప్పునీరు దానికీ గుంటలు పెట్టగలదు కాబట్టి, మేకు దగ్గర పేలిక లాగే పని మాత్రం దానితోనూ తప్పదు.